మొక్కు జుట్టులో పేలు

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతి రాయాలని ఎన్నో ఏళ్ళుగా అనుకుంటూ ఉన్నాను. రాయడానికి చేతిలో అక్షరం లేదు. పెనుకొండ దగ్గర మా పల్లెలో నేను బడికి పోయింది కొద్దికాలమే. చెల్లెలు పుట్టాక దాన్ని ఎత్తుకోవడానికి ఇంట్లో నిలిచిపోయాను, ఆ తర్వాత గొర్రెల వెనక పోయాను. నేర్చిన నాలుగు అక్షరాలూ ఆ ఎండలోనే చెరిగిపోయాయి. పెళ్ళయి ధర్మవరం వచ్చాక, మగ్గాల కోసం పట్టు కండెలు చుట్టడంలోనే వయసంతా గడిచింది. ఇప్పుడు హిందూపురంలో కూతురి దగ్గర ఉంటున్నాను. మా వీధి ఆడవాళ్ళకు సాయంత్రాలు చదువు చెప్పే టీచరమ్మ, "అవ్వా, నీకు బాగా గుర్తుండే రోజొకటి రాయి" అంది. నాకు బాగా గుర్తుండేది భయపడిన రోజే.

అప్పటికి నా జుట్టు నడుము దాటింది. అది సోకు కోసం పెంచింది కాదు. నాకంటే ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలూ పురిట్లోనే పోయారు. నేనైనా బతికితే పుట్టువెంట్రుకలు కదిరి నరసింహస్వామికి ఇస్తానని మా అవ్వ మొక్కుకుంది. అవ్వ అంటే మా నాయన తల్లి. పుట్టువెంట్రుకలు మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తీయించాలి. మా మామకూ నాయనకూ పొలం గట్టు దగ్గర తగాదా వచ్చి మాటలు ఆగిపోయాయి. నాయన పిలవడు, మామ రాడు. జుట్టు మాత్రం పెరుగుతూ పోయింది. స్వామికి చేరకముందు దానికి కత్తెర తగిలితే నేను దక్కనని అవ్వ అనేది. అవ్వ చెప్పీ చెప్పీ నాకూ అదే నమ్మకం పట్టుకుంది.

ఆ జుట్టు నిండా పేలు. మా బడిలో ఆడపిల్లలందరికీ ఉండేవి. ఆసుపత్రి నుంచి నర్సమ్మ ఒకామె అప్పుడప్పుడూ బడికి వచ్చేది. తెల్లచీర కట్టుకుని, భుజానికి నల్లసంచి తగిలించుకుని నడిచి వచ్చేది. మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి సన్నపళ్ళ దువ్వెనతో దువ్వి, ఏదో మందు రాసి, తలంటు పోసుకోమని చెప్పి పోయేది. కొన్నాళ్ళు తల తేలికగా ఉండేది. ఆమె మళ్ళీ వచ్చేసరికి మిగతా పిల్లలకు తగ్గినా, నాకు మాత్రం ఎప్పటిలాగే పాకుతూ ఉండేవి. నర్సమ్మ నన్ను ఒక్క మాటా అనేది కాదు. నా తల చూసినప్పుడల్లా కాసేపు ఆలోచనలో పడేది, అంతే.

మా బడి అయ్యవారికి మాత్రం విసుగు పుట్టింది. "సోమవారం నర్సమ్మ వస్తుంది. ఆ పొద్దు ఎవురి తలలో పేలు కనబడినా గుండే. గుండు కొట్టేటాయన్ను గూడా పిలిపిస్తాండా" అని చెప్పాడు. బడి వదిలాక నా పక్కన కూర్చునే పిల్ల, "ఏమే, నీ సామి వెంట్రుకలు ఇంక పెంటదిబ్బ కాడికే!" అని నవ్వింది. మిగతా పిల్లలూ నవ్వారు. వాళ్ళకు గుండంటే సిగ్గు. నాకు చావు. అప్పటి నుంచి నర్సమ్మ నల్లసంచిలో కత్తెర ఉంటుందని, అది నా కోసమే వస్తుందని అనుకుంటూ వణికిపోయాను. ఆదివారం అవ్వకు చెప్పేశాను.  అవ్వ, "రేపు బడికి పోవద్దులే. పేల పీడ నేను వదిలిస్తా" అంది.

సోమవారం పొద్దున అమ్మా నాయనా కలుపు తీయడానికి చేనుకు పోయారు. అవ్వ పెరట్లో పొయ్యి మీద నీళ్ళు పెట్టి, నన్ను రాతి మీద కూర్చోబెట్టి, తలకంతా ఆముదం పట్టించింది. లోపలికి పోయి అటక మీది నుంచి ఒక రేకు డబ్బా తెచ్చింది. ఆ డబ్బాను చూడగానే గుర్తుపట్టాను. అది వేరుశనగ చేనుకు పురుగు పడితే చల్లే పొడిమందు. పోయిన పంటప్పుడు మా కోడి ఒకటి ఆ పొడి అంటిన గింజలు తిని, రెక్కలు కొట్టుకుంటూ గిరగిరా తిరిగి, నా కాళ్ళ దగ్గరే పడి చచ్చిపోయింది.

"అవ్వా, కోడి సచ్చింది దీంతోనే గదా!"

"కోడి తినింది గాబట్టి సచ్చింది. నువ్వేమన్నా తింటాండావా? తలకే గదా. కండ్లు మూసుకో."

నడినెత్తిన గుప్పెడు పొడి పడింది. ఘాటైన వాసన ముక్కులోకి పోయింది. అవ్వ దాన్ని ఆముదంలోకి రుద్ది, పాత చీరపేలిక గట్టిగా చుట్టింది. నీళ్ళు కాగేదాకా కదలొద్దంది. నేను కదల్లేదు. నోరు తెరిస్తే పొడి లోపలికి పోతుందేమోనని ఊపిరి కూడా కొంచెం కొంచెంగా పీల్చుకున్నాను. నెత్తి మంట పుడుతూ ఉంది. కళ్ళు మూసుకుంటే గిరగిరా తిరిగే కోడే కనబడింది.

అప్పుడే వీధి గుమ్మంలో నర్సమ్మ గొంతు వినబడింది. "ఏమవ్వా, మనమరాలు బడికి రాలేదే?"

నేను లేచి అవ్వ వెనక దాక్కున్నాను. అవ్వ డబ్బాను కొంగు కింద దాచింది. "దానికి జరమమ్మా."

నర్సమ్మ పెరట్లోకి రెండడుగులు వేసి ఆగిపోయింది. గాలి పీల్చి చూసింది. "తలకేమి కట్టినావు?"

"సామి ఈబూది."

ఆమె నా ముందు కూర్చుని, పేలిక అంచు కింద నా నుదుటి మీద వేలు పెట్టి, ఆ వేలిని వాసన చూసింది. ముఖం మారిపోయింది. ఇంక అవ్వను దులిపేస్తుందనుకున్నాను. అవ్వ కూడా అదే అనుకున్నట్టుంది, మాట పడడానికి సిద్ధంగా మెడ ముడుచుకుంది. నర్సమ్మ గొంతు మాత్రం పెరగలేదు.

"ఎంత వేసినావవ్వా? చిటికెడా, గుప్పెడా?"

అవ్వ కొంగును ఇంకా గట్టిగా పట్టుకుంది.

"వేసి ఎంత సేపయింది? నోట్లోకి గానీ, కంట్లోకి గానీ పడిందా?"

ఎందుకు వేశావని ఆమె అడగలేదు.  అవ్వ కొంగు కింద నుంచి డబ్బా తీసి ముందు పెట్టింది. "గుప్పెడమ్మా. ఇప్పుడే. నీళ్ళింకా కాగనే లేదు. నోట్లో పడలేదు."

ఆ తర్వాత అంతా గబగబా జరిగింది. నర్సమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని, పేలిక లాగి పారేసి, నా బట్టలు విప్పించి, సబ్బుతో తల రుద్దింది. అవ్వ తొట్టిలోని చన్నీళ్ళు చెంబుతో పోస్తూనే ఉంది. ఆముదం ఉన్న తలలో మందు తొందరగా ఇంకుతుందట. అందుకని నూనె జిడ్డు పూర్తిగా పోయేదాకా మళ్ళీ మళ్ళీ రుద్దింది. అవ్వ చేతులూ కడిగించింది. పక్కింటాయన గోడ మీది నుంచి చూస్తూ ఉంటే ఆమె ఇక్కడి నుంచే కేకేసింది. "ఏమప్పా, పెనుకొండ బస్సును నిలబెట్టల్ల. పిల్లను ఆసుపత్రిలో చూపించల్ల."

"అది మధ్యాన్నం గానీ రాదమ్మా!"

"మధ్యలో లారీ వచ్చినా సరే, నిలబెట్టి పిలువు. రోడ్డు కాడే ఉండు. పొయ్యేటప్పుడు వీళ్ళ నాయనకు చెప్పిపో."

ఆసుపత్రి మాట వినగానే నేను చచ్చిపోతున్నానని తెలిసిపోయింది. పొడిబట్ట కట్టినా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. నర్సమ్మ నా కళ్ళలోకి చూసింది, నాడి పట్టుకుంది, చేతులు చాపమంది. వేళ్ళు వణుకుతున్నాయి. "ఇది భయమా, చలా?" అని మెల్లగా అడిగింది. నాకు తెలియలేదు. ఆమె నల్లసంచిని తన దగ్గరికి లాక్కుంది. నేను ఒక్క అరుపు అరిచాను.

అవ్వ ఆమె కాళ్ళ మీద పడింది. "కత్తెర వద్దు తల్లీ. అది సామి జుట్టు. ఇద్దరు బిడ్డల్ని మన్నులో పెట్టినా. ఇదొక్కటే మాకు."

నర్సమ్మ అవ్వను లేపి కూర్చోబెట్టింది. తర్వాత సంచిని అరుగు మీద బోర్లించింది. దూది, గుడ్డకట్లు, ఎర్రమందు సీసా, దువ్వెనలు, మడిచిన తెల్లగుడ్డ. వాటి మధ్యలో కట్లు కత్తిరించే చిన్న కత్తెర నిజంగానే ఉంది. దాన్ని తీసి ఆమె అవ్వ చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "నీ కాడే పెట్టుకో. నేను పొయ్యేటప్పుడు ఇద్దువుగానీ. దువ్వెన తగలొచ్చునా, సామి జుట్టుకు?"

అవ్వ ఆలోచించింది. "తగలొచ్చు. ఊడిన వెంట్రుక కింద పడగూడదు."

నర్సమ్మ తెల్లగుడ్డ పరిచి నన్ను మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుంది. దువ్వెన నిండా వచ్చిన పేలను వేడినీళ్ళలో దులిపింది. ఊడిన ప్రతి వెంట్రుకనూ ఏరి, వేలికి చుట్టి, అవ్వకు అందించింది. అవ్వ కొంగులో మూట కట్టుకుంది. మధ్యమధ్యలో నర్సమ్మ నా గడ్డం పైకెత్తి కళ్ళు చూసేది. కడుపులో తిప్పుతోందా, నోట్లో నీళ్ళూరుతున్నాయా అని అడిగేది. బస్సు కోసం ఎదురుచూసే ఆ సేపంతా నన్ను కనిపెట్టుకుని ఉండడానికే ఆమె దువ్వుతోందని పెద్దయ్యాక గానీ నాకు అర్థం కాలేదు. ఆమె మోకాళ్ళకు ఆనుకుని ఉండగానే నా వణుకు కొంచెం కొంచెం తగ్గింది.

"నువ్వు యాడ పండుకుంటావు?" అని అడిగింది.

"అవ్వ కంబళిలో."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "అవ్వా, నీ తల ఎవురన్నా చూసినారా?"

"ముసిలిదాని తల ఎవురు చూస్తారమ్మా? నాకు ఎప్పుడూ ఉండే దురదే గదా."

నర్సమ్మ ఆ పొద్దు మొదటిసారి నవ్వింది. "అయ్యో దేవుడా! నేను బడంతా దువ్వుతాండా. పేలేమో ఈడ కంబళి కప్పుకుని హాయిగా పండుకోనుండాయి!" ఇంట్లో అందరూ ఒకే రోజు తలలు దువ్వుకోవాలని, కంబళి ఎండలో వేయాలని, ఈపులు, అంటే పేల గుడ్లు, మళ్ళీ పేలవుతాయి కాబట్టి వారం తిరక్కముందే మళ్ళీ దువ్వుకోవాలని చెప్పింది. గుండు సంగతి అయ్యవారితో తానే మాట్లాడతానంది. అవ్వ నవ్వలేదు. చీర కొంగు తల మీదికి లాక్కుని, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఇంతలో బస్సు వచ్చింది; నర్సమ్మా, చేను నుంచి వచ్చిన నాయనా నన్ను ఎక్కించుకుని పోయారు. పెనుకొండ ఆసుపత్రిలో డాక్టరు చూసి, సాయంత్రం దాకా ఉంచి, తొందరగా కడగడం వల్ల మందు ఒంటికి పట్టలేదని చెప్పి పంపించాడు. ఇంటికి వచ్చాక నాయన అరుగు మీద నిలబడి, "ఎందుకు చేసినావమ్మా ఇట్లా? ఎందుకు చేసినావు?" అని అడుగుతూనే ఉన్నాడు. అవ్వ ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. అన్నం ముట్టలేదు. కంబళి లేకుండా ఒక మూల గోడ వైపు తిరిగి పడుకుంది. నేను దగ్గరికి పోతే, "నా కాడికి రావద్దు, దూరం పో" అంది. ఆ మాటకు నాకు పొద్దుటి కంటే ఎక్కువ భయమేసింది. నేను బతికాను గానీ మా అవ్వ ఉండదేమోననిపించింది.

ఆ తర్వాత నేను బిడ్డల్ని పెంచాను, మనవల్ని పెంచాను. ఎవరు ఏ పొరపాటు చేసి నా ముందు నిలబడినా, ఎందుకు చేశావన్న మాట నా నోట ముందుగా రాదు. ఏమైంది, ఎంత సేపయింది, ఎక్కడ నొప్పి అని అడుగుతాను. భయపడిన మనిషి వాటికి జవాబు చెప్పగలడు. మిగతాది తర్వాత అడగొచ్చు. చాలాసార్లు అడగాల్సిన పనే రాదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే లేచి, నర్సమ్మ ఇచ్చిపోయిన దువ్వెన తీసుకుని అవ్వ వెనక కూర్చున్నాను. అవ్వ గోడ వైపు నుంచి తిరగలేదు.

"అవ్వా, నీకు దురద యాడ ఎక్కువ?" అని అడిగాను.

 అవ్వ మెల్లగా లేచి కూర్చుంది. కొంగు జార్చి, చెవి వెనక వేలు పెట్టి చూపించి, తల వంచింది.