మేకల దొడ్డిలో ఓబయ్య నడుము

మార్కాపురం పలకలు రైలెక్కి చెన్నపట్నం పోతున్న రోజులవి. పలకలు పోతున్నాయి సరే, వాటిని చీల్చేవాళ్ల నడుములు మాత్రం తర్లుపాడులో అంకాలమ్మ వసారాకు వస్తుండేవి. రోజంతా గొంతుక్కూచుని రాయి చీల్చేవాళ్లు, వంగి వంగి కలుపు తీసేవాళ్లు, గొర్రెల వెంట తిరిగి మోకాళ్లు అరగదీసుకున్నవాళ్లు, అందరూ ఆమె చాప మీద బోర్లా పడుకుని కేకలు పెట్టినవాళ్లే.

ఆ విద్య ఆమెకు అత్తగారి మోకాళ్లు నేర్పాయి. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆవిడ కన్నుమూసేదాకా అంకాలమ్మ ఆ మోకాళ్లు పిసుకుతూనే ఉంది. "పైన కాదే, కింద. కింద కాదే, పక్కన. తిండి తినలేదా, ఆ పట్టేంది?" అంటూ ఆవిడ తిడుతూనే ఉంది. ఆ తిట్లతోనే అంకాలమ్మ వేళ్లకు కళ్లొచ్చాయి. గొంగడి మీద నుంచి తడిమినా నొప్పి ఎక్కడ నక్కిందో చెప్పేసేది.

ఒక్కటి మాత్రం ఉంది. ఆమె నోట అబద్ధం వచ్చేది కాదు.

"ఇది పోతుందా అవ్వా?" అని ఎవరన్నా ఆశగా అడిగితే, "పోదు నాయనా. అది ఇల్లరికపు అల్లుడు. వచ్చినాడు, తిష్ట వేసినాడు. అప్పుడప్పుడు ఆముదం రాసి, వావిలాకు నీళ్లు పోసి మర్యాద చేస్తే గమ్మునుంటాడు. మర్యాద తప్పితే లేచి కూచుంటాడు" అనేది.

అంత నిజాయితీ గల మనిషి చేత అబద్ధం ఆడించినవాడు ఓబయ్య.

ఓబయ్య సేద్యగాడు. త్రిపురాంతకం తిరునాళ్లలో రాతిగుండు ఎత్తి భుజం మీదుగా వెనక్కి వేయడంలో చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. నలభై దాటాక నడుము తిరగబడింది. పొద్దున గోడ పట్టుకుంటేగానీ లేవలేడు. గుండెత్తే ఓబయ్యకు నడుము నొప్పంటే పరువేం కావాలి? అందుకే ఊరంతా చేలల్లో ఉండే మిట్టమధ్యాహ్నం, వెనక దడి సందులోంచి దూరి, అంకాలమ్మ మేకల దొడ్డిలోకి వచ్చేవాడు. వసారాలో పడుకోనంటాడు. చివరికి ఆమె చాప తీసుకెళ్లి మేకల మధ్యే పరిచింది.

"ఎవరికన్నా చెప్పినావంటే ఊరిడిసి పోతా అవ్వా."

"నేను చెప్పను. మేకలు చెబితే నాకు తెలీదు" అంది అంకాలమ్మ.

అరవకూడదని తువ్వాలు నోట్లో కుక్కుకునేవాడు. ఆ ఎండాకాలం, తిరునాళ్లు దగ్గరపడ్డ రోజుల్లో, ఆమె అతని నడుము పైన మోచెయ్యి ఆనించి బరువు మోపింది. సరిగ్గా అప్పుడే ఒక మేక వచ్చి తువ్వాలు కొస పట్టి లాక్కుని, నింపాదిగా నమలడం మొదలుపెట్టింది. ఓబయ్య నోరు ఖాళీ అయింది. పెట్టిన కేకకు కోళ్లు చూరెక్కాయి.

పక్కింటి శ్రీశైలమ్మ గోడ అవతల నుంచి అరిచింది. "ఏందత్తా ఆ అరుపు?"

అంకాలమ్మ నోటికొచ్చింది అనేసింది. "చూడి మేకమ్మా! ఈనలేక యాతన పడతా ఉంది!"

"అయ్యో, ఒక్కదానివే ఏం చేస్తావు? ఉండు, ఆదిలక్ష్మమ్మను పిల్చుకొస్తా."

మేకలకు, బర్రెలకు పురుడు పోయడంలో ఆదిలక్ష్మమ్మది మంచి హస్తవాసి. ఆమె ఓబయ్య పెళ్లాం.

వద్దని అరిచేలోగా శ్రీశైలమ్మ వెళ్లిపోయింది. ఓబయ్య లేవబోయాడు. నడుము పట్టేసింది. మోకాళ్లూ చేతులూ నేలకు ఆనించి, నాలుగు కాళ్ల మీద అలాగే బిగుసుకుపోయాడు. అంకాలమ్మకు ఏం తోచక పైన నల్ల గొంగడి కప్పింది. చూస్తే నిజంగా మేకలాగే ఉన్నాడు. ఆమెకు నవ్వు ముంచుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆదిలక్ష్మమ్మ పాత గుడ్డలతో ఊడిపడింది, వెనకే శ్రీశైలమ్మ. "యాడుంది అవ్వా?"

"ఆ గొంగడి కింద. కదిలియ్యొద్దు తల్లీ, బెదురుతుంది."

ఆదిలక్ష్మమ్మ వినే రకం కాదు. గొంగడి కింద చెయ్యి పెట్టి తడిమింది. ఆగింది. మళ్లీ తడిమింది.

"ఏందవ్వా, దీనికి మీసాలుండాయి?"

"గడ్డమమ్మా. మేకలకు గడ్డం ఉండదా?"

"మొలతాడు కూడా ఉందే?"

గొంగడి లోపలి నుంచి సన్నగా వినిపించింది. "ఆదీ... నేనే."

శ్రీశైలమ్మ నవ్వు ఆపుకోలేక గోడకు జారగిలబడింది. ఆదిలక్ష్మమ్మ నవ్వలేదు. గొంగడి తీసి మొగుణ్ణి తేరిపార చూసి, అక్కడే కూలబడి ఏడ్చింది.

"ఒంటి మీద ఆముదం వాసన కొడతా ఉంటే, ఎవతెనో మరిగినాడని ఇన్నాళ్లు కడుపులో పెట్టుకుని కుమిలిపోయినా కదయ్యా!"

"ఆముదం పూసుకునేదాన్ని ఎవడు మరుగుతాడే?" అన్నాడు ఓబయ్య, అదే భంగిమలో.

అప్పుడు నవ్వింది ఆదిలక్ష్మమ్మ, కన్నీళ్లు తుడుచుకుంటూనే. చీర కొంగు బిగించి, "యాడ పట్టాల్నో నాకు చూపియ్యి అవ్వా" అంది. ఇద్దరూ కలిసి అతన్ని మెల్లగా చాప మీదికి దించారు. అంకాలమ్మ ఆమె బొటనవేలు పట్టి చోటు చూపించింది. ఇన్నాళ్ల అనుమానపు కసి కూడా ఆ వేలిలో కొంత ఉన్నట్టుంది. ఓబయ్య ఈసారి తువ్వాలు సంగతే తలచలేదు, గొంతెత్తి అరిచాడు.

పొద్దుగూకేలోగా ఊరంతా తెలిసింది. రచ్చబండ దగ్గర పిల్లకాయలు "మే" అన్నారు. ఓబయ్య ఇల్లు కదల్లేదు. అంకాలమ్మే పోయి గుమ్మంలో నిలబడింది.

"ఈసారి గుండు ఎత్తినావా, మళ్లీ నా దగ్గరికి రావద్దు నాయనా. నలుగురూ మోసుకుపోయే చోటికి పో."

"ఎత్తకుంటే నన్ను ఓబయ్య అంటారా అవ్వా?"

"ఎత్తి పడిపోతే ఏమంటారో ఆలోచించు."

తిరునాళ్లలో ఓబయ్య గుండు దాకా నడిచాడు. అతను రాతిని చేత్తో నిమిరి, పక్కన కూచుని, "ఎత్తండిరా, నేను చూస్తా" అన్నాడు. ఎత్తినవాడికల్లా వంక పెట్టాడు. ఎత్తడం కంటే వంకలు పెట్టడమే తనకు బాగా వచ్చని ఆ రోజే తెలుసుకున్నాడు.

అంకాలమ్మ పని మాత్రం పెరిగింది. నొప్పి దాచుకుని తిరిగే మగవాళ్లంతా, ఓబయ్యకే లేని సిగ్గు మనకేంది అని వసారాకు వరస కట్టారు. "ఊళ్లో ఇంతమంది కుంటోళ్లున్నారని తెలిస్తే ఈ పక్క కాపురానికే రాకపోదును" అని ఆమె గొణిగేది, గొణుగుతూనే ఆముదం వెచ్చబెట్టేది. ఓబయ్య వాగు గట్టున వావిలాకు తనే కోసి మోపు కట్టి, ముందు గుమ్మంలోంచి దర్జాగా వచ్చేవాడు. వచ్చి, నేను ముందంటే నేను ముందని పలకల గని వాళ్లతో చాప కోసం తగాదా పడేవాడు.