అప్పజెప్పించుకునే సిస్టర్

గదిలో ఉన్నవి: కెమెరా గొట్టం, తెర, మంచం, నీళ్లు లాగే మిషను. ఉన్నవాళ్లు: డాక్టరు, నర్సు, నేను, ఎడమవైపు తిరిగి పడుకున్న ఒక పెద్దామె. ఆమె తెచ్చుకున్న ఖాళీ సీసాలోంచి నిమ్మకాయ వాసన వస్తోంది. పేగు కడిగే మందు వాసన అది. అది తగిలితే చాలు, నాకు వరలక్ష్మి సిస్టర్ గుర్తొస్తారు.

అనంతపురంలో పెద్దపేగు పరీక్ష చేసే ఈ గదికి అప్పట్లో సిస్టరే హెడ్ నర్సు. నేను మిషన్లు చూసుకునే టెక్నీషియన్ని. డిప్లొమా చదివానని నన్ను "ఏమప్పా ఇంజినీరూ" అని పిలిచేవారు. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది.

మూడేళ్ల కిందట గార్లదిన్నె దగ్గరి పల్లె నుంచి నారప్ప అనే రైతు వచ్చాడు. ఊళ్లో పెట్టిన క్యాంపులో ఆయన మలంలో కంటికి కనిపించని రక్తం ఉన్నట్టు తేలింది. ఎందుకు పోతోందో లోపల చూస్తే గాని తెలియదు. కెమెరా లోపలికి వెళ్లింది గాని తెర మీద మాకు కనిపించింది శనక్కాయ పలుకులు. డాక్టరు ఆపేసి, మళ్లీ రమ్మన్నారు.

"ఏం తింటివి పెద్దాయనా?" అని సిస్టర్ అడిగారు.

"ఉపాసమన్నారు గదమ్మా, ఒక్కపొద్దుంటి. శనక్కాయలు, అరటిపండ్లు, పాలు. సంగటి ముద్ద ముట్టింటే ఒట్టు!"

శనివారం శనివారం ఆయన చేసే ఉపవాసం అదే. మేము ఉపవాసమన్నాం, ఆయన తనకు తెలిసిన ఉపవాసం శ్రద్ధగా పాటించాడు. ఇక రానన్నాడు. "నాకుండేది మొలలు. దానికి ఇన్ని తిప్పలు యాడివి?"

ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆదివారం సిస్టర్ నా బండెక్కారు. దారి పొడవునా ఎండిన శనక్కాయ చేలు, దుమ్ము. నారప్ప అరుగు మీద గొర్రెపిల్లకు ఆకు మేపుతున్నాడు. మమ్మల్ని చూసి ముఖం తిప్పుకున్నాడు.

"తప్పు నాదే పెద్దాయనా. ఉపాసమని చెప్పింది నేనే," అన్నారు సిస్టర్, పక్కనే కూర్చుంటూ. ఆస్పత్రిలో పెద్దవాళ్లు అలా ఒప్పుకోవడం నేను అంతకుముందు వినలేదు. "రక్తం పడితే క్యాన్సరనేం కాదు. మొలలే అనీ చెప్పలేం. లోపల పేగు గోడకు పిలక మాదిరి కండ లేచింటే, అది చిన్నగా ఉన్నప్పుడే తీసేయొచ్చు. ముదిరినాక కష్టం."

నారప్ప చెయ్యి ఆగింది. "మళ్లా ఏం తినల్ల?"

"ముందురోజంతా తినేదేం లేదు, తాగేదే. ఏది తాగినా గాజుగ్లాసులో పోసి అవతల వేలు పెట్టు. వేలు కనపడితే తాగు. ఇప్పుడు నువ్వు నాకు చెప్పు."

"టెంకాయ నీళ్లు, చక్కెర నీళ్లు... మజ్జిగ."

"మజ్జిగలో వేలు కనపడుతుందా?"

"మా ఇంటి మజ్జిగలో కనపడుతుందిలే. నీళ్లే గదా పోస్తాది ఈమె!"

లోపలి నుంచి ఆయన భార్య గంగమ్మ గాజుగ్లాసులో మజ్జిగ తెచ్చి అవతల వేలు పెట్టింది. వేలు కనపడలేదు. "చూస్తివా! నా మజ్జిగకు పేరు పెడతావా?" అంది. సిస్టర్ పడీ పడీ నవ్వారు. మళ్లీ మొదటి నుంచీ అప్పజెప్పమన్నారు. గంగమ్మ పరీక్ష పెట్టింది: "పాలు?" "వద్దు." "శనక్కాయలు?" "వద్దంటి గదే!"

తర్వాతి గురువారం ఆయన పేగు అద్దంలా ఉంది. ఒక పిలక కనిపించింది. డాక్టరు అక్కడికక్కడే తీసేశారు. క్యాన్సర్ ఇంకా కాలేదని రిపోర్టు వచ్చింది. మూడేళ్లకు మళ్లీ చూపించుకోవాలన్నారు.

సిస్టర్ మరుసటి ఏడాది రిటైరయ్యారు. ఇప్పుడు మందు సీసా చేతికిచ్చేది నేను. "అర్థమైందా?" అని అడగను. అలా అడిగితే మర్యాదకైనా తలూపుతారు. "ఇంటికి పోయినాక ఏం చేస్తావో నాకు చెప్పు పెద్దాయనా," అంటాను. తప్పు చెబితే నేను చెప్పడంలోనే లోపముందని మళ్లీ చెబుతాను.

పోయిన నెల నారప్ప గడువు ప్రకారం వచ్చాడు. నేను అడగబోతే, "నువ్వుండప్పా, నేనే చెప్తా," అని అంతా అప్పజెప్పాడు. పరీక్ష పూర్తిగా జరిగింది. కొత్త పిలకలు సున్నా.