రెండో బాంబు వైద్యం

1974లో నన్ను సివిల్ అసిస్టెంట్ సర్జనుగా అరకు ప్రభుత్వాసుపత్రిలో వేశారు. వైద్య శాఖలో అది మొదటి మెట్టు. కొండ మీద రెండో డాక్టరు లేడు గనుక అక్కడ పైమెట్టూ అదే. చేరిన కొద్ది నెలలకే మద్రాసు నుంచి ఒక యుద్ధచిత్రం వాళ్లు దిగారు. మందుగుండు పేలుస్తారు గనుక ప్రథమ చికిత్స పెట్టెతో షూటింగు దగ్గర ఉండమని జిల్లా వైద్యాధికారి ఉత్తర్వు పంపారు.

కథలో సిపాయి గాయపడి, మాట పోగొట్టుకుని ఇంటికొస్తాడు. నాయిక లోయంతా తిరిగి పాడినా లాభముండదు. చివర్లో పక్కన ఇంకో బాంబు పేలగానే మాటొస్తుంది. చేతికర్ర విసిరేసి, ఆ ఊపులోనే విలన్ మనుషుల్ని చితగ్గొడతాడు.

యుద్ధంలో పట్టుకున్న బెదురు ఇంకో పేలుడుతో పెరుగుతుందే గాని తగ్గదని దర్శకుడికి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, కథ ముగించడానికి తన దగ్గర ఒక్క రీలే మిగిలిందన్నారు. కృతజ్ఞతగా తెర మీద వైద్య సలహాదారుగా నా పేరు వేశారు.

అప్పటికే నా దగ్గర అసలు సిపాయి ఒకడున్నాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో అప్పలస్వామి తొడలో బాంబు ముక్క దిగింది. పింఛను మీద వచ్చి, బస్సులాగే చోట టీకొట్టు పెట్టుకున్నాడు. గాయం మానింది. కానీ రోడ్డు పనికి బండ పేల్చినప్పుడల్లా పొయ్యి వదిలి బల్ల కిందికి దూరేవాడు. నిద్రకు మాత్రలిచ్చాను. పేల్చే ముందు కబురు పంపమని మేస్త్రీకి చెప్పాను. కబురు రాగానే భార్య పైడమ్మ అతని చెయ్యి పట్టుకుని మాటల్లో పెట్టేది. మరుసటి వానాకాలానికి, బండ పేలినా బల్ల అంచు పట్టుకుని నిలబడగలిగాడు.

అప్పుడు టూరింగ్ టాకీసుకు ఆ సినిమా వచ్చింది. బజారంతా చూసింది. తర్వాతి సంతనాడు అప్పలస్వామి బావమరిది గోవిందు, ప్రేమకొద్దీ, వెనక నుంచి దీపావళి బాంబు పేల్చాడు. అప్పలస్వామి మరుగుతున్న నీళ్లగిన్నె చేతి మీద ఒంపుకుని బల్ల కిందికి పోయాడు. పైడమ్మ పరుగున వచ్చి నన్ను తీసుకెళ్లింది. ఎంత పిలిచినా అతను బయటికి రాలేదు. నేనే బల్ల కిందికి వంగి కట్టు కట్టాను.

గోవిందు ఏడుస్తున్నాడు. "సినిమాలో సిపాయికి నయమైపోనాది గదా బాబూ! పైన నీ పేరే ఏసినారు!"



కాలిన చెయ్యి కొన్ని వారాల్లో మానింది. బెదురుకు మాత్రం వైద్యం మొదటినుంచి ఆరంభించాం. ఒకరోజు కట్టు మారుస్తుంటే అప్పలస్వామి అడిగాడు: "సినిమాలో రెండో బాంబుకి ఆడికి మాటొచ్చీసింది. మూడోది ఏత్తే ఏటవుద్ది బాబూ?"

మళ్లీ పోతుందేమో అన్నాను. చాలాకాలానికి నవ్వాడు. పైడమ్మ నవ్వలేదు. "ఇంకెవుడైనా మందుగుండు తెత్తే ఆడి గూబ పగిలిపోద్ది," అంది.

ఆ మాట బజారంతా పాకి, మందుకంటే బాగా పనిచేసింది. ఏడాది తిరిగేసరికి అతను మళ్లీ నిలబడ్డాడు, బల్ల అంచు పట్టుకునే.

వైద్యం రోగితో మొదలుపెట్టకూడదని అప్పుడు నేర్చుకున్నాను. తర్వాత ఇలాంటి కేసు ఎక్కడొచ్చినా ముందు ఇంటివాళ్లను కూర్చోబెట్టి, ఈమధ్య ఏ సినిమా చూశారని అడిగేవాణ్ణి.