గెడ్డ అవతలి రోలరు

మొన్న సెలవులకి మా చెల్లెలి కూతురు అరకులో మా ఇంటికి వచ్చింది. ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతోంది కదా, పొద్దున్నే లేచి మంచు చూస్తుందనుకుంటే, వసారాలో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, తెర మీద ఇనుప కమ్మీల చట్రం, అదే ట్రస్సు, ఒకటి గీసుకుని దానితో తగువు పడుతోంది. "పెద్దమ్మా, ఇది ఎంతకీ జవాబివ్వట్లేదు, మాత్రిక సింగ్యులర్ అంటోంది" అంది. తొంగి చూస్తే, బొమ్మంతా చక్కగా గీసి, అది దేని మీద ఆనుకుని ఉందో చెప్పడం మరిచిపోయింది. నిరాధారమైన ఆరోపణలు కోర్టులో చెల్లనట్టే నిరాధారమైన ట్రస్సులు లెక్కలో చెల్లవే పిల్లా అన్నాను. రెండు చివర్లా రెండు ఆధారాలు పెట్టింది. నేను కళ్లద్దాలు తుడుచుకునేలోగా జవాబు వచ్చేసింది. మీ రోజుల్లో ఇది ఎలా చేసేవారని అడిగితే ఏడుస్తూ చేసేవాళ్లమన్నాను. పకపకా నవ్వింది గానీ, నేను హాస్యానికి అనలేదు.

ముప్పై ఏళ్ల పైమాట. ముంచింగిపుట్టులో జూనియర్ ఇంజినీరుగా చేరిన కొత్త. మా పుస్తకాల్లో కమ్మీల కీలు జరిగితే దాన్ని స్థానభ్రంశం అంటారు. మైదానంలో పుట్టి పెరిగిన దాన్ని ఆ కొండల్లో వేశారు కాబట్టి ఆ మాటకి అర్థం నాకు ఉద్యోగపు ఉత్తర్వుతోనే బోధపడింది. ఒక షావుకారు గారింట్లో గది అద్దెకి తీసుకున్నాను. ఊరికి కొంత దూరంలో ఒక గెడ్డ, అంటే కొండవాగు, దాని మీద మనుషులు నడవడానికి కట్టిన ఇనుప వంతెన. అవతల నాలుగైదు కొండ పల్లెలు. గెడ్డ పొంగితే ఆ పల్లెలకి సంతా లేదు, బడీ లేదు, ఆస్పత్రీ లేదు. వంతెన రాకముందు వానాకాలంలో కాన్పు కష్టమైన ఆడమనిషిని ఇవతలికి తేలేక ఒడ్డునే పోగొట్టుకున్న ఇళ్లు అక్కడ ఉన్నాయి.

ఆ ఏడు వేసవిలో, అవతలి ఒడ్డున వంతెన వెనక ఉన్న రాతి గోడ పైభాగం కొంచెం వెనక్కి వాలి, రాళ్ల మధ్య గోరు దూరేంత చీలిక కనిపించింది. మా పైఅధికారి డీఈ గారు, ఘాట్ రోడ్డు ఎక్కితే కడుపులో తిప్పుతుందని నెలకొకసారి వచ్చే మనిషి, ఆ చీలిక మాట వినగానే వారంలో రెండుసార్లు వచ్చారు. పునాది కుంగుతోందేమోనని ఆయన అనుమానం. అనుమానం తీరకపోతే వానలకి ముందే నడక పలకలు ఊడదీయించి వంతెన మూసేయాలి, మళ్లీ మంజూరై కొత్తది వచ్చేదాకా అంతే. మూసేయడానికి ఆయన సంతకం ఒక్కటి చాలు. తెరిచి ఉంచడానికి మాత్రం ఆయన ధైర్యం కావాలి, ఆ ధైర్యానికి ఒక లెక్క కావాలి. వంతెన మధ్యలో ఇంత బరువు పెడితే ఎంత వంగాలో లెక్క కట్టి, నిజంగా అంతే వంగిందని చూపిస్తే తెరిచి ఉంచుతానన్నారు. పది రోజులు గడువిచ్చారు. నేను చేస్తానన్నాను. కాలేజీలో ఆ సబ్జెక్టులో నాకొచ్చిన మార్కులు ఏ బరువూ మోసే స్థితిలో లేవని ఆయనకి చెప్పలేదు.

గోడ కట్టిన మేస్త్రి అవతలి పల్లె మనిషే. పునాది కుంగిందంటే కుంగింది తన పరువేనని ఆయన బాధ. కట్టేటప్పుడు ఆయనకి రాళ్లందించింది ఆయన భార్య. నేను అత్తా అని పిలిచేదాన్ని. వంతెన చూడ్డానికి మొదటిసారి వెళ్లిననాడే, అటు దాటగానే ఆమె నన్ను ఆపేసింది. ఆ చివర ఇనుముకీ రాతి గోడకీ మధ్య జానెడు సందులో రాళ్లు, వాటి మీద ఆకులు, పూలు. "రాయెట్టు గుంటా. దారితల్లికి రాయెట్టకుండా ఎల్లిపోతావేటి?" అంది. గుంట అంటే అక్కడ ఆడపిల్ల. గెడ్డ క్షేమంగా దాటినవాళ్లు ఆ ఒడ్డున ఒక రాయి పెట్టి పోవడం వంతెన లేని రోజుల నుంచీ ఉన్న ఆచారమట. గోడ సరిగ్గా ఆ చోటే లేచింది. నేను చెప్పులు విడిచి, నున్నటి రాయి ఏరి, భక్తిగా సందులో పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. దేవత చోటు కదా అని, తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా ఆ చివరకి టేపు పట్టుకుని పోలేదు. నా మర్యాదే నా పొరపాటని అప్పటికి తెలియదు.

ఆ లెక్క పద్ధతి వినడానికి గొప్పగా ఉంటుంది గానీ చాలా ఇంటి వ్యవహారం. కమ్మీలు కలిసే ప్రతి కీలునీ రెండు ప్రశ్నలు అడగాలి: అడ్డంగా ఎంత జరిగావు, నిలువుగా ఎంత దిగావు? ఒక్క కీలునే పిసరంత కదిపి, మిగతా అన్నిటినీ కదలకుండా పట్టుకుని, ఎవరికెంత నొప్పి కలిగిందో వరసలూ నిలువులూ గీసి రాసుకోవాలి. ఉమ్మడి కుటుంబంలో ఒక కోడలు పుట్టింటికి వెళతానంటే ఇంట్లో ఎవరెవరి ముఖం ఎంత మారుతుందో పట్టిక వేసినట్టు. అందులో ఒక న్యాయం కూడా ఉంది: నేను జరిగితే నీకు ఎంత నొప్పో, నువ్వు జరిగితే నాకూ సరిగ్గా అంతే. ఉమ్మడి కుటుంబాల్లో ఈ న్యాయం నేనెక్కడా చూడలేదు. చివరికి, ఆధారాల దగ్గర ఏ కదలికకి వీలు లేదో ఆ వరస కొట్టేస్తాం. వంతెనకి ఇవతలి చివర బోల్టులతో బిగింపు, అవతలి చివర ఎండకి సాగితే జరగడానికి ఒక ఇనుప రోలరు. కాబట్టి అటు అడ్డంగా కదిలే వరసని ఉంచేశాను. వంతెన రెండు సగాలూ ఒకటే కాబట్టి సగమే లెక్కలోకి తీసుకుంటే పదకొండు సమీకరణాలు తేలాయి. ఈ పట్టికనే మాత్రిక అంటారు. మాత్ర వేసుకుంటే తలనొప్పి పోతుంది, మాత్రిక వేసుకుంటే వస్తుంది.

మూడు రోజులు షావుకారు గారి అరుగు మీద పాత టెండరు కాగితాల వెనక, చేతిలో పట్టే కాలిక్యులేటరుతో, ఒక్కో సమీకరణంతో తర్వాతి దాన్ని కొట్టుకుంటూ పోయాను. ఎనిమిది మిల్లీమీటర్లని తేలింది. ఇసక బస్తాలు మోయించి వంతెన మధ్యలో పేర్పించి, గెడ్డలో వెదురు పాతి దానికి స్కేలు కట్టి కొలిచాం. ఐదే వంగింది. తక్కువ వంగితే మంచిదే కదా అని నేను సంబరపడబోతుంటే డీఈ గారు తల అడ్డంగా ఊపారు. "నీ లెక్కా నీ కొలతా పోట్లాడుకుంటుంటే మధ్యలో నన్ను సంతకం పెట్టమంటావేంటమ్మాయ్? ఏది తప్పో తెలియనప్పుడు రెండూ తప్పే" అని, అప్పటికి మిగిలిన నాలుగు రోజులూ గుర్తుచేసి జీపెక్కారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అందుకే ఎక్కువ మండింది.

లెక్క మళ్లీ చేశాను. ఎనిమిదే. ఇంకోసారి చేశాను, అదే ఎనిమిది. సంతకి వచ్చిన అత్త, మేస్త్రి నా అరుగు మీదే కూర్చుని చూస్తున్నారు.

"ఇంకా అవలేదేటి? నువ్వు గీకిన కాయితాలు పేరిస్తే ఈ పాటికి ఇంకో వంతెన అయిపోను" అంది అత్త.

"కట్టినోడిని నానిక్కడే ఉన్నాను కదా. నన్నొక్క ముక్కడగదు, కాయితాన్నడుగుతాది" అన్నాడు మేస్త్రి, నా వైపు చూడకుండా.

సిగ్గేసింది. ఏమడగాలో కూడా తెలియక, కోపంగా నాలుగోసారి మొదలుపెట్టాను. ఈసారి తిరగేసి చేద్దామనుకున్నాను: ఐదు రావాలంటే నా కాగితంలో ఏది మారాలి? ఇనుము మందం మార్చి చూశాను, కుదరలేదు. చివరికి, ఉండాల్సిందని వదిలేసిన ఆ రోలరు వరసని, మొండిగా, అడ్డంగా కొట్టేశాను. నాలుగున్నర వచ్చింది. గోడ కాస్త వెనక్కి వాలింది కాబట్టి ఆ అర మిల్లీమీటరు ఎటు పోయిందో కూడా తెలిసిపోయింది. అంటే కాగితం చెబుతున్నది ఒకటే: అవతలి చివర జరగడం లేదు.

పెన్ను దించి మేస్త్రిని మొదటిసారి అడగాల్సింది అడిగాను: నీ గోడ దగ్గర ఉండాల్సిన రోలరు ఎక్కడుంది? "ఎక్కడుంటాది? దారితల్లి రాళ్ల కిందుంది" అన్నాడు. అని, తన మాట తనే విని, అత్త వైపు చూశాడు. ముగ్గురం లేచాం.

సంగతి ఇదీ. చలికాలం పొద్దుట ఇనుము ముడుచుకుంటే సందు పెరిగి రాళ్లు ఇంకాస్త లోపలికి దిగుతాయి. ఎండెక్కితే ఇనుము సాగి వాటిని గోడకేసి అదుముతుంది. ఇన్నేళ్లూ అలా దిగుతూ, అదుముతూ, రోలరు పూర్తిగా బిగుసుకుపోయింది. గోడని వెనక్కి తోసింది పునాది కాదు, మా భక్తి. అందులో నా నున్నటి రాయీ ఉంది.

గునపం తెప్పిస్తానన్నాను. అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "ఎవులు పెట్టిన రాయి ఆలే తియ్యాల. ఒకలు మొక్కింది ఇంకొకలు తీత్తే తల్లి ఊరుకోదు." ఎవరిది ఏ రాయో ఎలా తెలుస్తుందన్నాను. "తెలవక్కర్లేదు. పెట్టినోలు తలొకటి తీత్తే సాలు." పోయినవాళ్ల సంగతి? ఆమె నన్నొక వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "ఆల పిల్లల్లేరేటి?" తీసినవి ఎక్కడ పెట్టాలన్నదానికి మాత్రం మొగుడి వైపు తిరిగి, "గోడ కట్టినోడివి, గద్దె కట్టలేవేటి? బేగి కానియ్యి" అంది.

మేస్త్రి రెండు రోజుల్లో దారి మలుపు దగ్గర గద్దె కట్టేశాడు. గడువుకి ఆఖరి పొద్దున, తెల్లవారి చలికి ఇనుము ముడుచుకుని ఉండగా తీస్తేనే వస్తాయని చెప్పింది కూడా ఆయనే. అప్పటికే నాలుగు పల్లెల జనం వరస కట్టి ఉన్నారు. తలొక రాయి లాగి, కళ్లకద్దుకుని, మలుపు దాకా మోసుకెళ్లారు. చంకలో పసిపిల్లని ఎత్తుకున్న ఒకామె పిల్ల పేరన ఒకటి, తన పేరన ఒకటి, చచ్చిపోయిన తన అత్తగారి పేరన ఒకటి తీసింది. "బతికున్నప్పుడు నా సేత ఇంతకంటే పెద్దయి మోయించింది" అంటే అందరూ నవ్వారు. నేనూ తీశాను, నాది కాదని తెలుస్తూనే ఉన్న ఒక గరుకు రాయిని. ఎండెక్కాక, ఖాళీ అయిన సందులో ఇనుము ఒక్కసారి మూలిగి, వేలి మందమంత అవతలికి జరిగింది. మేస్త్రి గోడకి చెవి ఆనించి నిలబడ్డాడు.

డీఈ గారి ఎదుట మళ్లీ బస్తాలు పేర్పించాం. ఎనిమిదికి ఒక వెంట్రుక తక్కువ. ఆయన స్కేలు వైపు, కాగితం వైపు, మలుపులో గద్దె వైపు చూసి, రిపోర్టులో కారణం అనే చోట ఏం రాయమంటావని అడిగారు. ఆధారం దగ్గర అడ్డంకి తొలగించబడినది అని రాయమన్నాను. దేవత ప్రస్తావన లేకుండా అంతకన్నా నిజం రాయలేం. సంతకం పెట్టారు. చీలిక పూడ్చే పని మేస్త్రికే ఇచ్చారు. ఆ ఏడు వానలు పట్టుకున్న వారానికే, పొంగిన గెడ్డ మీదుగా ఒక నిండు చూలాలిని డోలీలో ఇవతలికి తెచ్చారు. తల్లీ బిడ్డా క్షేమమని అత్త నా గది దాకా వచ్చి చెప్పి వెళ్లింది.

ఇప్పుడక్కడ వెడల్పాటి కాంక్రీటు వంతెన ఉంది. మా చెల్లెలి కూతురికి చూపిద్దామని ఆ సెలవుల్లోనే ముంచింగిపుట్టు నుంచి ఆటోలో తీసుకెళ్లాను. ఇది ఇక్కడ అని నేను మొదలుపెట్టేసరికి ఆటో అవతల ఉంది. వెనక్కి నడిచొచ్చి మధ్యలో నిలబడ్డాను. పాత వంతెన మీద అడుగేస్తే అది కాస్త దిగేది, ఎదురుగా ఎవరైనా వస్తుంటే వాళ్లు కనిపించకముందే కాళ్లకి తెలిసేది, వాళ్లకీ మనం తెలిసేవాళ్లం. ఇది పిసరంత కూడా చలించలేదు. లారీలు పోవాలి, అంబులెన్సు పోవాలి, చలించకూడదు కూడా. ఆ సంగతి నాకన్నా బాగా ఎవరికి తెలుసు? అయినా అంత బిగువుగా ఉన్న దాని మీద నిలబడితే, నా కాళ్లని ఎవరూ గుర్తుపట్టనట్టే అనిపించింది.