సైదమ్మ కథల మడతలు

సైదమ్మ వంటను మెచ్చుకునేవాళ్ళు మునగాల మండలం మొత్తం గాలించినా దొరకరు. పప్పులో ఒకరోజు ఉప్పు ఎక్కువ, ఒకరోజు అసలే ఉండదు. అయినా ఊళ్ళోని చిన్న బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషిని మార్చమని ఏ తల్లీ అడగలేదు. అడిగితే ఇంట్లో పిల్లలు ఊరుకుంటారా! పళ్ళాలు కడుక్కోవడమే ఆలస్యం, అందరూ ఆమె కథ కోసం పరుగెత్తుకొస్తారు.

కథంటే ఉత్త నోటి కథ కాదు. ఒళ్ళో ఒక కాయితం ఉంటుంది. నోరు చెబుతుంటే చేతులు మడుస్తుంటాయి. కథలో అవ్వ దుప్పటి కప్పుకుంటే కాయితం సగానికి మడతపడుతుంది. ఇటు గోడా అటు గోడా వాలి పైన కలిస్తే గుడిసె అవుతుంది. వాగు పొంగితే అవ్వ ముందొక గట్టు, వెనకొక గట్టు వేస్తుంది. కథ అయ్యేసరికి గుడిసె కాస్తా పడవై కూర్చుంటుంది.

ఈ విద్య ఆమెకు మిర్యాలగూడలో అబ్బింది. అక్కడి రైస్ మిల్లులో వడ్లు ఎండబోసే కూలీగా ఉన్న రోజులవి. తల్లులు పనిలో ఉంటే పిల్లలు మిల్లు బెల్టులు తిరిగే చోటికి పోయేవాళ్ళు. రామనర్సయ్య అనే ముసలి హమాలీ వాళ్ళను దూరంగా కూర్చోబెట్టి చిత్తు కాయితాలతో బొమ్మలు మడిచిచ్చేవాడు. ఆయన మడతలకు సైదమ్మ కథలు అల్లింది. "ఆ పెద్దమనిషి ఏ లోకంల ఉన్నా సల్లగుండాలె," అని ఇప్పటికీ తలుచుకుంటుంది.

మొన్న వానాకాలంలో వంటగది గడప దగ్గర కాలు జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. సూర్యాపేట దవాఖానలో కట్టు కట్టారు, నెలన్నరకు విప్పారు. ఎముక అతికింది గానీ వేళ్ళు మునుపటిలా వంగలేదు. గరిటె తిప్పడం వచ్చింది. కాయితం అంచును అంచుకు కలపడం మాత్రం రాలేదు. రెండు రోజులు ఇంట్లో తంటాలు పడి, నలిగిన కాయితాలన్నీ పొయ్యిలో వేసి ఏడ్చింది.

సరిగ్గా ఆ వారమే హెడ్‌మిస్ట్రెస్ శకుంతల ఒక కబురు తెచ్చింది. కోదాడలో టీచర్లు కొత్త బోధన పద్ధతులు చూపించే మేళా ఉందట, సైదమ్మ కథ అక్కడ చూపించాలట.

"నా కథలు ఖతమైనయి మేడం. ఇంకెవల్నన్న తీస్కపోండ్రి."

"ముందు మన పిల్లలకు ఒక్కసారి చెప్పి చూడు సైదమ్మా."

"ఏం జెప్పాలె? నేను మలుస్తుంటే సూస్తేనే గద వాళ్ళకు కథ! ఉత్త నోటితోని చెప్తే ఎవలు గూసుంటరు?"

ఆ కోపం శకుంతల మీద కాదు, తన వేళ్ళ మీద.

మర్నాడు భోజనాలయ్యాక నాలుగో తరగతి నందిని వచ్చి కొంగు పట్టుకుంది. వెనక ఇంకో ఇరవై ఎనిమిది మంది, తలా ఒక పాత నోటుబుక్కు కాయితంతో.

"ఆయమ్మా, కథ జెప్పు."

"చెయ్యి వంగుతలేదు బిడ్డా."

"నువ్వు నోటితోని జెప్పు. మేం మలుస్తం గద!"

కాదనలేక మొదలుపెట్టింది. పిల్లల వైపు చూస్తే ఎక్కడ లేచిపోతారోనని గోడ వైపు చూస్తూ చెప్పింది. దుప్పటి కప్పించింది, గోడలు వాల్చింది, వాగు పొంగించింది, ముందు గట్టు వేయించింది. అంతలో దుఃఖం తన్నుకొచ్చి ఒక మాట మరిచిపోయింది. "అవ్వ తలుపు దెరిచి సూస్తే..." అంటూ ముందుకు పోయింది.

వెనక కాయితాల సరసర చప్పున ఆగిపోయింది. తిరిగి చూస్తే ఏముంది! ఇరవై తొమ్మిది మంది చేతులు ఎక్కడివక్కడే ఆగి ఉన్నాయి.

"ఆయమ్మా! ఎనుక గట్టు ఎయ్యకపోతివి!" నందిని కేక పెట్టింది. "గుడిసె మునుగుతది!"

సైదమ్మ నోరెళ్ళబెట్టింది. ఇన్నేళ్ళూ వీళ్ళు తన చేతులు చూస్తున్నారనుకుంది. వీళ్ళేమో తన మాట వెంటే మడుస్తున్నారు!

"అయ్యో, నా మతి మండ! ఏసింది బిడ్డా, అవ్వ ఎనుక గట్టు గూడ గట్టిగ ఏసింది!"

ఇరవై తొమ్మిది కాయితాలు ఒక్కసారే సరసరమన్నాయి.

కోదాడ మేళాలో ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. ఆమె కథ చెబుతుంటే హాల్లో ఉన్నవాళ్ళంతా కాయితాలు మడిచారు. "ఏంటండీ, ఆవిడ కాయితం ముట్టుకోనేలేదు!" అని అక్కడి మాస్టారొకాయన ఆశ్చర్యపోయాడు.

తిరుగు బస్సులో శకుంతల, "ఆ చప్పట్లన్నీ నీకే సైదమ్మా," అంది.

"నాకెందుకు మేడం! రోజూ పొద్దున లేచి నా చేతులకు మొక్కుకునేదాన్ని. ఇగ మొక్కితే ఆ పోరగాండ్ల చెవులకు మొక్కాలె," అంది సైదమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "నేను ఇడిసిపెట్టిన కథను వాళ్ళు ఇడిసిపెట్టలే."