గడ్డిలో మాగేసిన క్యాప్సికం

ఒక మనిషి ఏడాదంతా కలవరించిన మామిడిపళ్ళను, అదీ నూజివీడులో, ఒక్క పండు కూడా మిగల్చకుండా నాశనం చేయడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్నడగండి. బాటనీ చదివి ఫస్టు క్లాసులో పాసైతే తప్ప ఆ పని అంత బాగా కుదరదు.

మావారు సరుకుల ఓడలో ఇంజనీరు. సెలవుకి వచ్చినప్పుడు రేవు రేవునా తిన్న క్యాప్సికం గురించే కబుర్లు. స్పెయిన్‌లో అన్నం కూరి వండుతారట. ఇటలీలో మంట మీద కాల్చి, తొక్క ఒలిచి, నూనెలో వేస్తారట. "బెజవాడలో దొరికే పచ్చవే పండితే అలా ఎర్రగా అవుతాయి. ఎంత తియ్యగా ఉంటాయో," అన్నారు.

ఆయన వెళ్ళాక ఆ మాటలే నెమరేసుకుంటూ బతికాను. మా పసివాడు తుమ్మితే డాక్టరు దగ్గరికి పరుగెత్తే నాకు మిగిలిన ఆలోచన ఒక్కటే: ఆయన వచ్చేసరికి ఎర్ర క్యాప్సికం వండిపెట్టాలి.

పోయినేడు జూన్ ఆఖరుకి వస్తున్నానని కబురు చేశారు. అప్పటికి మా మామిడితోటలో కాయ అయిపోవచ్చింది. అత్తయ్య ఆఖరి చెట్టు చిన్నరసాలు కొడుకు కోసమని వెనకగదిలో గడ్డిలో మాగేశారు. నేను బెజవాడ నుంచి క్యాప్సికం తెప్పించి, ఎవరూ చూడకుండా ఆ రసాల మధ్యనే చంటిపిల్లల్లా పడుకోబెట్టాను. మామిడి పండే గడ్డిలో మిరప పండదా?

పండలేదు. ఆ ఉక్కకి కుళ్ళి నీరుకారి, చుట్టూ ఉన్న రసాలన్నిటినీ తనతో తీసుకుపోయింది. వాసన వసారాలోకి వచ్చాక అత్తయ్య ముక్కు మూసుకుని గడ్డి ఎత్తారు.

"ఏంటమ్మాయ్ ఇవి?"

"క్యాప్సికం అత్తయ్యా. మాగేశాను."

"మిరపకాయల్నా?"

"ఎర్రబడతాయని..."

"ఎర్రబడ్డాయిలే, నా కళ్ళు. వాడొచ్చి రసాలేవంటే ఏం పెడతావు? నీ డిగ్రీ పెడతావా?"

ఆయన రానే వచ్చారు. పెట్టె దించి, బాబుని ముద్దాడి, "అమ్మా, రసాలేవే?" అన్నారు.

"మీ ఆవిడ్నడుగు."

చెప్పాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వారు. "పచ్చివి కోశాక పండవే. చెట్టునే పండాలి."

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా."

"నువ్వడగలేదుగా."

"అడగాలంటే మీరు ఇంట్లో ఉండాలి కదండీ."

మామూలుగానే అందామనుకున్నాను, నిష్ఠూరంగా వచ్చింది. అత్తయ్య బాబునెత్తుకుని అవతలికి వెళ్ళిపోయారు. ఆయన వెనకగదిలోని ఖాళీ గడ్డికేసి చూసి, "వచ్చే ఏడు మే నెలలోనే వస్తాను. కాయ చెట్టు మీద ఉండగానే. నీ గడ్డిని ఇక నమ్మను," అన్నారు.

ఇప్పుడు ఏప్రిల్. తోటలో కాయ ముదురుతోంది. పక్కన నిద్రపోతున్న మా బాబు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఆయన మేలో వచ్చిన ఏ ఏడూ గడ్డిలో క్యాప్సికం పెట్టను. మే దాటితే మాత్రం నా పూచీ లేదు.