రెక్కల తొండకు నకలు తీసిన ఎండాకాలం

మహబూబాబాద్‌లో మా ఆఫీసు కింద ఒక జిరాక్స్ దుకాణం ఉంది. మే నెల మధ్యాహ్నాల్లో ఆ యంత్రం తెరిపి లేకుండా తిరుగుతుంటే వేడెక్కిన కాగితం వాసన, కొంచెం మాడిన జొన్నరొట్టె లాంటి వాసన, మెట్ల మీదుగా మా గదిలోకి వస్తుంది. అది ముక్కుకు తగిలిందంటే చేతిలో పని ఆగిపోతుంది. మా సత్తి బావ భూపాలపల్లి నుంచి తెచ్చిన పుస్తకానికి సరిగ్గా అదే వాసన ఉండేది.

మా ఊరు నర్మెట్టలో మా ఇంటికి ఒక పత్తి అర్ర, అంటే పత్తి నిలవచేసే గది, ఉండేది. మంచి ధర వచ్చేదాకా అమ్మేది లేదని మా తాత పట్టుబట్టి ఏరిన పత్తినంతా అందులో పోయించేవాడు. ఎండాకాలం వచ్చేసరికి అది పైకప్పు దూలాలకు తగిలేంత కొండై ఉండేది. ఒంటికి దురద పుట్టినా, ముక్కుల్లో నూగు దూరి తుమ్ములొచ్చినా, సెలవులన్నీ మేం ఆ కొండ మీదే గడిపేవాళ్ళం. ఉప్పూ కారం అద్దిన పచ్చి మామిడి ముక్కలు, తాటిముంజలు, పక్కనే వంటింట్లో మా నాయినమ్మ (అందరం అవ్వ అనేవాళ్ళం) గంజులో కాల్చే సర్వపిండి నుంచి లేచే నువ్వుల వాసన, ఇవన్నీ ఆ కొండ మీదికే వచ్చేవి.

సత్తి బావ మా మేనత్త కొడుకు. మా అందరికంటే పెద్దవాడు, ఇంగ్లీషు చదవగలిగినవాడు. అతను తెచ్చిన జిరాక్స్ పుస్తకం నిండా రాక్షసులు, మంత్రాలు, నియమాలు. ఆ ఆటకు పటం లేదు, పావులు లేవు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు తలా ఒక మనిషిగా మారి ఆ కథలోకి దిగుతారు. కొట్టిన దెబ్బ తగిలిందో లేదో గవ్వలు వేసి తేల్చుకోవాలి. కథ నడిపేది బావ. నేను కత్తివీరుణ్ణి. పక్క తండా నుంచి రోజూ వచ్చే నా దోస్తు బాలు మంత్రగాడు. మా చెల్లె చిన్ని మాత్రం ఆ పుస్తకంలో ఉన్న రాణులనూ వేటగత్తెలనూ కాదని డాక్టరమ్మ అయింది. ఆ డాక్టరమ్మకు ఒక సంచీ, ఒక మేకపిల్ల ఉండేవి. మా గాయాలన్నీ ఆమే కట్టేది. చిన్ని అన్నం తినేటప్పుడు కూడా డాక్టరమ్మ పేరుతో పక్కన ఒక ముద్ద పెట్టుకునేది.

ఆ ఏడు మా కథ రెక్కల తొండ దగ్గరికి వచ్చింది. పుస్తకంలో దానికేదో నోరు తిరగని పేరుంది కాని, బొమ్మ చూసి తొండ అని తేల్చింది బాలు. రోజుల తరబడి కొట్టి దాన్ని కొనప్రాణం మీదికి తెచ్చాం, మేమూ అదే స్థితికి వచ్చాం. అప్పుడు బాలు తన పెద్ద మంత్రం బయటికి తీశాడు. మంచుతో ఏ ప్రాణికైనా నకలు తీసే మంత్రం అది, ఆ నకలు మన మాట వింటుంది. నర్మెట్టలో మంచెక్కడిదని బావ నిలదీశాడు. మంత్రగాడిగా జనగామ పోయి ఐసుగడ్డ తెచ్చానని, కరగకుండా ఊక పోసి తెచ్చానని బాలు చెప్పాడు. బావ ఒప్పుకోక తప్పలేదు.

అసలు తగువు ఆ తర్వాత మొదలైంది. నకలుకు అసలులో సగం ప్రాణం ఉంటుందని పుస్తకంలో రాసి ఉంది. ఏ సగమో చెప్పే వాక్యం పేజీ మడత దగ్గర జిరాక్స్ నల్లనీడలో మునిగిపోయింది.

"అసలుకే పానం గింత మిగిలింది. గింతల సగమంటే ఎంత? ఉఫ్‌మంటే పడిపోతది," అన్నాడు బావ.

"గట్లెట్లనే? సగమంటే నిండు తొండల సగం," అన్నాడు బాలు. "గాయాలకు సుత నకలు తీస్తరా ఎవలన్న?"

బావ వినలేదు. గవ్వలు వేశాడు, నకలు ఒక్క దెబ్బకు కూలింది. అసలు తొండ పక్కకు తిరిగి, నాకు కట్టు కడుతున్న డాక్టరమ్మను మింగేసింది.

చిన్ని ఏడవలేదు. తలనిండా పత్తితో కొండ దిగి, నేరుగా అరుగు మీద కూర్చున్న తాత దగ్గరికి వెళ్ళింది. "తాతా, బావ నా డాక్టరమ్మను సంపిండు." ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు, ముంజలు కూడా వద్దంది.

మా తాత ఒకప్పటి సర్పంచ్. పదవి పోయినా తగువులు ఆయన్ని వదల్లేదు. సాయంత్రం వాకిట్లో నీళ్ళు చల్లి చల్లబడ్డాక మమ్మల్నందరినీ నిలబెట్టాడు. బావి మోటారు నీళ్ళ వంతు గురించి కొట్లాడుకుని వచ్చిన ఇద్దరు రైతులను "జర ఆగుర్రి, ముందుగాల గీ తొండ ముచ్చట తెగాలె" అని పక్కన కూర్చోబెట్టాడు.

"ఐసు యాడికెల్లి తెచ్చినవ్‌రా?"

"జనగామకెల్లి పటేలా. ఊకల పెట్టి," అన్నాడు బాలు చేతులు కట్టుకుని.

"ఊకల పెడితే ఆగుతది," అని తాత తలూపాడు. రైతులూ తలూపారు. తర్వాత తాత తీర్పు చెప్పాడు: "చినిగిన పట్టా కాయితం జిరాక్స్ తీస్తే చినుగు సుత పడ్తది. దెబ్బ తిన్న తొండకు నకలు తీస్తే దెబ్బ సుత రావాలె. సత్తిగాడు చెప్పిందే నాయం."

అంతలో అవ్వ సర్వపిండి గంజు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"కాయితానికి పానముంటదా? పానమున్నదాని ముచ్చట చెప్పు. నువ్వు బండి మీదికెల్లి పడి కాలు ఇరగ్గొట్టుకున్నంకనే గద నీకు కొడుకు పుట్టిండు. వాడు కుంటుతుండా?"

అదే సమయానికి ఆ కొడుకు, మా బాపు, నీళ్ళ బకెట్‌తో వాకిలి దాటుతున్నాడు. రైతులతో సహా అందరం ఆయన కాళ్ళనే చూశాం. ఎందుకు చూస్తున్నామో తెలియని బాపు ఒక్క క్షణం ఆగి, పెళ్ళిపీటల మీదికి నడిచినంత జాగ్రత్తగా, నిటారుగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. రైతులు తువ్వాళ్ళు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

తాత తన వంకర కాలిని కాసేపు చూసుకున్నాడు. "అయితే గాయం రాదు," అన్నాడు. "నకలుకు నిండు తొండల సగం పానం. కొట్లాట మళ్ళ మొదటికెల్లి జరగాలె. డాక్టరమ్మ బతికున్నట్టే."

మేం ఎగిరి గంతేశాం. బావ మాత్రం పుస్తకం మూసేశాడు. "కథ నడిపేటోణ్ణి నేను. తీర్పులు మీరు చెప్తే మీరే నడుపుకోన్రి. పొద్దుగాల బస్సుకు భూపాలపల్లి పోత," అని లోపలికి వెళ్ళి బట్టలు సంచిలో కుక్కసాగాడు. మా గంతులు ఆగిపోయాయి. బావ పోతే ఎండాకాలమే పోయినట్టు. బతిమాలడానికి నాకూ బాలుకూ ధైర్యం చాలలేదు. గెలిచిన చిన్నే వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది.

"బావా, నువ్వు పోతే తొండ ఎట్ల మాట్లాడ్తది?"

గొంతు లోపలి నుంచి గరగరమని తొండ మాట తీసేది బావ ఒక్కడే. మేం ఎంత ప్రయత్నించినా దగ్గే వచ్చేది. బావ వెనక్కి తిరగకుండా చొక్కా మడతపెడుతూనే ఉన్నాడు. కొంచెంసేపటికి గోడ వైపు నుంచి ఆ గరగర వినిపించింది. "డాక్టరమ్మా... మీ తాత మంచోడు కాదు."

చిన్ని నవ్వు విని అవ్వ సర్వపిండి అక్కడికే పంపింది.

మరునాడు మా నకలు తొండ అసలుదాన్ని ఓడించింది. అయితే నకలుకు తగిలిన గాయాలు మిగతావాళ్ళకు మానినట్టు నిద్రతో మానవని పుస్తకంలో ఉందట. బావ కాస్త కసిగానే చదివి వినిపించాడు. అలాగైతే అది ఇక యుద్ధాలకు రాదని చిన్ని ప్రకటించింది. ఐసుతో చేసింది కాబట్టి కరగకుండా పత్తిలో దాచాలని బాలు సలహా ఇచ్చాడు. అర్రలో ఒక మూల గుంట చేసి తొండను పడుకోబెట్టాం. ఆ మూలకు ఎవరూ కాలు పెట్టకూడదు.

ధర వచ్చి పత్తి ఎత్తడానికి ట్రాక్టర్ వచ్చిన రోజు చిన్ని ఆ మూలకు అడ్డం నిలబడింది. కూలీలు నవ్వారు. బాపు కసిరాడు. తాత కుంటుకుంటూ వచ్చి చూసి, "గా మూలది ఇడిసిపెట్టుర్రి," అన్నాడు. "దానికి సగం పానమున్నదని చెప్పినోణ్ణి నేనే గద." ఆ కుప్ప వానాకాలం దాకా అక్కడే ఉంది.

తాత పోయాడు, ఆయన వెనకే అవ్వా పోయింది. పత్తి ఇప్పుడు చేను నుంచి నేరుగా మిల్లుకే వెళ్తుంది. అర్రలో గచ్చు తీసి టైల్స్ వేశారు, రెండు మోటారు సైకిళ్ళు నిలబెడుతున్నారు. బావ బొగ్గు గనిలో షిఫ్టులు చేస్తున్నాడు. తీరిక దొరికితే అతనూ నేనూ ఫోన్లలో అలాంటి ఆటే ఆడతాం. మొన్న నేను ఒక భూతానికి నకలు తీశాను. అది వచ్చింది, నెత్తి మీద ఒక అంకె మెరిసింది, ఒక్క దెబ్బకు మాయమైంది. ఏ సగమని అడగడానికి అక్కడ మనిషి లేడు. నువ్వూ చేరమని జనగామలో ఉంటున్న చిన్నికి ఫోన్ చేశాను.

"అన్నా, గా ఆటల నడిపేటోనితోని తగువు పెట్టుకునే వీలున్నదా?" అని అడిగింది.

లేదన్నాను.

"గట్లయితే నాకొద్దు," అని ఫోన్ పెట్టేసింది.